దీపాలు ఆరే క్రమం: జెసువాల్డో టెనెబ్రే గీతాలు, వాటి ధ్వనిముద్రణలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పాశ్చాత్య క్రైస్తవ బృందగానంలో చీకటి అనే భావనకు టెనెబ్రే ఆరాధన ముఖ్యమైన ఆధారం. ఇటలీకి చెందిన కార్లో జెసువాల్డో 1611లో ముద్రించిన టెనెబ్రే ప్రతివచన గీతాలను, 1980ల నుంచి వెలువడిన వాటి ధ్వనిముద్రణలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆరాధనలో చీకటి ఒక క్రమంగా సాగి ముగుస్తుంది. ధ్వనిముద్రణలో అదే చీకటి మొదటి నుంచి చివరిదాకా మారని వాతావరణంగా స్థిరపడింది. ఈ మార్పుకు కారణాలను చర్చించి, అదే విలాప పాఠాలను వేరొక ప్రయోజనానికి వాడిన డయమాండా గలాస్ ప్రయోగాత్మక రచన 'ప్లేగ్ మాస్'తో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెనెబ్రే, జెసువాల్డో, బృందగానం, విలాపవాక్యములు, ధ్వనిముద్రణ, ప్రయోగాత్మక సంగీతం, డయమాండా గలాస్.

1. ఉపోద్ఘాతం

లాటిన్‌లో టెనెబ్రే అంటే చీకట్లు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో గురు, శుక్ర, శనివారాల వేకువ ప్రార్థనలను రోమన్ కాథలిక్ సంఘం శతాబ్దాలపాటు ముందురోజు సాయంత్రమే జరుపుకొనేది. ఆ ఆరాధనకే టెనెబ్రే అని పేరు. శిష్యుల పలాయనం, సిలువ మరణం, సమాధి అనే ఘట్టాలను స్మరించే ఈ మూడు రాత్రుల కోసం ఐరోపా సంగీతకర్తలు విస్తారంగా రాశారు. స్పెయిన్‌కు చెందిన విక్టోరియా 1585లో ప్రకటించిన సంపుటం, వెనోసా యువరాజు జెసువాల్డో 1611లో ప్రకటించిన సంపుటం వీటిలో ప్రసిద్ధమైనవి.

ఈ పాఠాలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. టెనెబ్రేలో పాడే విలాపవాక్యములు, 51వ కీర్తన తెలుగు బైబిలులో ఉన్నవే. శుభ శుక్రవారం నాడు తెలుగు సంఘాలలో సిలువపై పలికిన ఏడు మాటలను వరుసగా ధ్యానించే సంప్రదాయం ఉంది. దేవుడు తన్ను విడిచిపెట్టాడన్న నాలుగవ మాట, జెసువాల్డో శుక్రవారపు గీతాలలో అత్యంత ప్రసిద్ధమైన దానికి కేంద్రం. అక్కడ అది ప్రసంగంగా వినబడితే ఇక్కడ ఆరు కంఠాల బృందగానంగా వినబడుతుంది.

నేడు ఈ సంగీతం శ్రోతకు చేరేది ప్రధానంగా ధ్వనిముద్రణల ద్వారా. ఆ రికార్డుల ముఖచిత్రాలు, వాటితో వచ్చే పరిచయాలు, వాటిపై సమీక్షలు చీకటి, నిగూఢం, భయానకం అనే మాటలను పదేపదే వాడతాయి. ఆ మాటలు పూర్తిగా అబద్ధమని చెప్పలేం. అయితే అవి ఏ చీకటిని గురించి చెబుతున్నాయన్నది తేల్చుకోవలసిన ప్రశ్న. ఆరాధనలోని చీకటినా, సంగీతకర్త జీవితంలోని చీకటినా, గదిలో దీపం తీసేసి వినే శ్రోత కోరుకునే చీకటినా? ఈ మూడింటినీ కలిపివేయడం వల్ల సంగీతాన్ని వినే పద్ధతే మారిపోయింది.

2. ఆరాధనలో చీకటి

టెనెబ్రే విధిని కొంత వివరంగా చూడక తప్పదు. బలిపీఠం దగ్గర త్రికోణాకారపు దీపస్తంభంపై పదిహేను కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. వేకువ ప్రార్థనలో తొమ్మిది, దానిని అనుసరించే స్తుతి ప్రార్థనలో అయిదు, మొత్తం పద్నాలుగు కీర్తనలు. ఒక్కొక్క కీర్తన ముగిసినప్పుడు ఒక్కొక్క కొవ్వొత్తిని ఆర్పుతారు. జెకర్యా స్తోత్రమైన బెనెడిక్టస్ పాడుతుండగా బలిపీఠం మీది దీపాలూ ఆరిపోతాయి. పదిహేనవ కొవ్వొత్తిని మాత్రం ఆర్పరు. వెలుగుతున్న దానినే తీసుకువెళ్లి బలిపీఠం వెనుక దాచుతారు. ఆ చీకటిలో మిసెరేరే, అంటే 51వ కీర్తన, ఆపైన ప్రార్థన. తరువాత గ్రంథాలతో బల్లలను కొట్టి పెద్ద చప్పుడు చేస్తారు. క్రీస్తు మరణవేళ భూమి కంపించిందన్న దానికి అది గుర్తు. ఆ చప్పుడు ఆగాక దాచిన కొవ్వొత్తిని తిరిగి తెచ్చి పైన నిలుపుతారు. అందరూ మౌనంగా వెళ్లిపోతారు.

ఈ వర్ణనలో గమనించవలసినది చీకటికి ఉన్న కొలత. అది ఒక్కసారిగా కమ్ముకోదు. పద్నాలుగు మెట్లలో దిగుతుంది. పూర్తి చీకటి ఉండేది చివర కొద్ది సమయమే, అప్పుడు కూడా బలిపీఠం వెనుక ఒక దీపం వెలుగుతూనే ఉంటుంది. భారతీయ అలంకారశాస్త్ర పరిభాషను అరువు తెచ్చుకుంటే ఇక్కడి విషాదం, త్రాసం, నిర్వేదం సంచారీభావాలు. వచ్చిపోయేవి. వాటిని మోసే స్థాయి వేరు. పరిభాషను ఒక సంస్కృతి నుంచి మరొకదానికి తరలించడంలోని ఇబ్బంది ఒప్పుకోవలసిందే గాని, ధ్వనిముద్రణలో జరిగిన మార్పును ఇంత క్లుప్తంగా చెప్పగల మాటలు మరొకచోట దొరకవు. ఆరాధనలో సంచారిగా ఉన్నది రికార్డులో స్థాయిగా మారింది.

సంగీతానికి ఈ క్రమంలో ఉన్న స్థానం మరింత కీలకం. వేకువ ప్రార్థన మూడు భాగాలు. ప్రతి భాగంలో మూడు కీర్తనలు, మూడు పాఠాలు, ప్రతి పాఠం తరువాత ఒక ప్రతివచన గీతం. రోజుకు తొమ్మిది చొప్పున మూడు రోజులకు 27 గీతాలు. మొదటి భాగపు పాఠాలు విలాపవాక్యముల నుంచి, రెండవ భాగానివి సెయింట్ అగస్టీన్ కీర్తనల వ్యాఖ్యానం నుంచి, మూడవ భాగానివి కొత్త నిబంధన పత్రికల నుంచి. ఈ కీర్తనలు, పాఠాలు ఎక్కువగా ఒకే స్వరం మీద నిలిచి సాగే సాదా పఠనగానంలో వినబడేవి. విలాపవాక్యములలో ప్రతి వచనానికీ ముందు ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ హీబ్రూ అక్షరాలను సైతం రాగంగా పాడేవారు. అర్థమేమీ లేని అక్షరానికి అంత సాగిన గానం ఎందుకన్న ప్రశ్న సహజం. మూలకావ్యం అక్షరక్రమంలో కూర్చిన రచన. దుఃఖానికి సైతం ఒక వరుస ఉందని ఆ అక్షరాలు వినేవారికి గుర్తుచేస్తూ ఉంటాయి.

3. యువరాజు, హత్య, గ్రంథం

జెసువాల్డో 1566లో పుట్టి 1613లో మరణించాడు. 1590 అక్టోబరులో నేపుల్స్‌లో అతని భార్య మరియా డావలోస్‌ను, ఆమె ప్రియుడు, ఆండ్రియా ప్రభువు ఫాబ్రిజియో కరాఫాను హత్య చేయించిన వాడు, స్వయంగా పాల్గొన్నవాడు ఇతడే. ప్రభువంశీయుడు కావడం వల్ల శిక్ష పడలేదు. ఈ ఉదంతం ఇరవయ్యవ శతాబ్దిలో జెసువాల్డో పేరుకు విడదీయరాని విశేషణమైంది. ఆల్డస్ హక్స్‌లీ మెస్కలిన్ సేవించిన అనుభవాన్ని వర్ణించిన 1954 నాటి పుస్తకంలో జెసువాల్డో మాడ్రిగల్ గీతాలు విన్న సంగతి ఉంది. స్ట్రావిన్‌స్కీ 1960లో అతని మాడ్రిగల్స్‌ను వాద్యబృందానికి మార్చి నివాళి కూర్చాడు. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 1995లో తీసిన చిత్రం వాస్తవాన్ని కల్పననూ కావాలనే కలిపింది. ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కే రాసిన ఒపేరా కూడా అదే సంవత్సరం ప్రదర్శితమైంది. ఇన్ని రూపాల్లో ప్రచారమైన కథ, సంగీతాన్ని వినకముందే శ్రోత చెవిలో కూర్చుంటుంది.

జెసువాల్డో సంగీతంలోని విపరీతాలకు మూలం ఆ హత్య వల్ల కలిగిన పాపభీతి అన్న వాదం ఈ కథ నుంచి పుట్టినదే. ఈ వాదానికి రెండు ఇబ్బందులున్నాయి. పక్కపక్కనే ఉన్న అర్ధస్వరాల మీదుగా జారుతూ, దూరపు స్వరసమ్మేళనాలను ఒకదానికొకటి ఆనించే క్రోమాటిక్ పద్ధతి అతడొక్కడిదే కాదు. రెండవ వివాహం ద్వారా అతడు చేరిన ఫెరారా ఆస్థానంలో లుజ్జాస్కీ, అంతకు ముందు తరంలో విచెంతీనో ఈ దారిలో ఎంతో దూరం నడిచారు. వారెవరూ భార్యలను చంపినట్టు చరిత్ర చెప్పదు. రెండవది కాలానికి సంబంధించినది. హత్యకూ టెనెబ్రే సంపుటానికీ మధ్య 21 ఏళ్లు గడిచాయి. ఇరవై ఒక్క ఏళ్ల తరువాతి రచనలోని ప్రతి కటుస్వరానికీ ఆ రాత్రినే కారణంగా చూపడం విమర్శ అనిపించుకోదు.

అలాగని జీవితాన్ని పూర్తిగా పక్కన పెట్టడానికీ వీలులేదు. 1609లో జోవాన్నీ బాల్దుచ్చి చేత జెసువాల్డో చిత్రింపజేసిన పటం ఒకటి అతని ఊరిలోని శాంతా మరియా దెల్లె గ్రాజియె చర్చిలో ఉంది. 'జెసువాల్డో క్షమాపణ' అని దానికి పేరు. పైన తీర్పరిగా క్రీస్తు, చుట్టూ పునీతులు, కింద శుద్ధిస్థలపు జ్వాలల్లో ఆత్మలు. ఎడమ మూలన మోకరిల్లిన జెసువాల్డో, అతని పక్కన మేనమామ కార్లో బొర్రోమెయో. ఆ మేనమామను 1610లో సంఘం పునీతుడిగా ప్రకటించింది. పటాన్ని పాపభీతికి సాక్ష్యంగా చూపేవారు దాని అమరికను పట్టించుకోరు. అందులో పాపి ఒంటరిగా లేడు. అతనికి సిఫారసు చేసేవారున్నారు, వినేవాడున్నాడు. వేడుకోలు ఒకరి నుంచి మరొకరికి చేరే దారి పటంలో గీసినట్టుగా కనిపిస్తుంది. రెండేళ్ల తరువాత తన కోటలోనే ముద్రింపజేసిన టెనెబ్రే సంపుటంలో ఆరు కంఠాలకు కూర్చిన 27 గీతాలతో పాటు బెనెడిక్టస్, మిసెరేరే కూడా చేర్చడం ఇందుకు తగ్గట్టే ఉంది. దీపాలు ఆరే వేళకు అవసరమైనవి అవే. అది వినికిడికే కాక విధికి కూడా పనికివచ్చే గ్రంథం.

గురువారపు రెండవ గీతం 'ట్రిస్టిస్ ఎస్ట్ అనిమా మేయా' ఈ విషయాన్ని నిశితంగా చూపుతుంది. గెత్సేమనే తోటలో క్రీస్తు తన ఆత్మ దుఃఖంలో మునిగి ఉందని శిష్యులకు చెప్పే ఘట్టమది. ఆరంభంలో స్వరాలు బరువుగా, నెమ్మదిగా కదులుతాయి. శిష్యులు పారిపోతారన్న మాట వచ్చేసరికి కంఠాలు ఒకదాని వెంట ఒకటి పరుగు తీస్తాయి. పలాయనానికీ, ఒక కంఠాన్ని మరొకటి తరిమే సంగీత నిర్మాణానికీ లాటిన్‌లో ఒకటే పదం కావడంతో జెసువాల్డో ఆ శ్లేషను వదులుకోలేదు. తరువాత ఒక చరణం వస్తుంది. గడియ సమీపించిందనీ, మనుష్యకుమారుడు పాపుల చేతికి అప్పగింపబడుతున్నాడనీ దాని భావం. అది ముగియగానే ప్రతివచన నియమం ప్రకారం పలాయనపు భాగం తిరిగి వస్తుంది. స్వరం మారలేదు, మాట మారలేదు. మొదటిసారి అది ముందుచూపు, రెండవసారి కళ్లముందు జరుగుతున్న పని. చరణం మధ్యలో నిలిచి దాని కాలాన్ని మార్చివేసింది. జెసువాల్డో ప్రతిభ కటుస్వరాలలోనే ఉందనుకునేవారు ఈ పునరావృత్తిని విననట్టే లెక్క.

4. మూడు ధ్వనిముద్రణలు

ఈ గీతాల ఆధునిక ప్రచారానికి మూడు రికార్డులను ప్రమాణంగా తీసుకోవచ్చు. పీటర్ ఫిలిప్స్ నిర్వహణలోని టాలిస్ స్కాలర్స్ 1987లో శనివారపు గీతాలను మాత్రమే విడుదల చేశారు. హిలియర్డ్ ఆన్సాంబుల్ 1990లో ఇంగ్లండులోని డూయై మఠంలో మూడు రోజుల గీతాలనూ ముద్రించగా ఈసీఎం సంస్థ రెండు సీడీలుగా తెచ్చింది. ఫిలిప్ హెరెవేహె నాయకత్వంలో కొలేజియం వొకాలె గెంట్ చేసిన సంపూర్ణ ముద్రణ 2013లో వచ్చింది.

హిలియర్డ్ గాయకులందరూ పురుషులు. పై స్వరాలను సైతం కౌంటర్‌టెనర్లే పాడతారు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కంఠం కావడం వల్ల స్వరాల రాపిడి స్పష్టంగా తెలుస్తుంది. మఠపు రాతిగోడల అనురణనం ప్రతి వాక్యం చివర మిగిలి, తరువాతి వాక్యానికి నేపథ్యంగా నిలుస్తుంది. మిగతా రెండింటి కంటే ఈ రికార్డు ప్రభావమే ఎక్కువ. జెసువాల్డో అనగానే నేటి శ్రోత మనసులో మెదిలే ధ్వని ఇదే. దీని సౌందర్యాన్ని తక్కువ చేయడం అన్యాయం. 'టెనెబ్రే ఫాక్టే సున్ట్'లో లోకమంతా చీకటి కమ్మిన సంగతి చెప్పే లోతైన ఆరంభం నుంచి, సిలువపై కేక దగ్గర స్వరాలు పైకి లేచే తీరును ఇంత నిగ్రహంతో పాడినవారు అరుదు.

లోపం గానంలో లేదు, ఎంపికలో ఉంది. కీర్తనలు లేవు, పాఠాలు లేవు. ఒక ప్రతివచనం ముగియగానే మరొకటి మొదలవుతుంది. ఆరాధనలో రెండు గీతాల మధ్య ఒక పాఠం, ఒక్కొక్కచోట మూడు కీర్తనలు, ఆరిన దీపాలు ఉంటాయి. ఒకే స్వరం మీద చాలాసేపు సాగిన పఠనగానానికి అలవాటుపడిన చెవికి ఆరు కంఠాలు ఒక్కసారిగా దారి తప్పినట్టు వినబడడం ఒక సంఘటన. ఆ సాదా నేల తీసివేస్తే సంఘటనలన్నీ పక్కపక్కన చేరి సాధారణ స్థితి అయిపోతాయి. అన్నం లేకుండా ఊరగాయ మాత్రమే వడ్డించిన విస్తరి వంటిది ఇది. ఘాటు తెలుస్తుంది, రుచి తెలియదు. రెండు సీడీలను ఏకధాటిగా విన్నవారికి రెండవ సీడీ మొదటిదానికంటే తక్కువ విషాదంగా తోచడానికి కారణం ఇదే. గాయకుల శ్రద్ధ తగ్గలేదు, శ్రోతకు పోలిక లేకుండా పోయింది.

ఈ దృష్టితో చూస్తే టాలిస్ స్కాలర్స్ రికార్డు తక్కువ పేరున్నదైనా ఎక్కువ న్యాయంగా ఉంది. స్త్రీల కంఠాలతో పై స్వరం తేటగా ఉండడం వల్ల దానిలో చీకటి లేదన్న ఆక్షేపణ సహజంగానే వినిపిస్తుంది. అయితే ఒకే రాత్రికి చెందిన తొమ్మిది గీతాలతో ఆగిపోవడం వల్ల దానికొక ఆదీ అంతమూ ఏర్పడ్డాయి. శనివారం సమాధి రోజు. ఆ రోజు గీతాలలో కేకలకంటే నిశ్శబ్దం, ఎదురుచూపు ఎక్కువ. తేటస్వరం అక్కడ అతికినట్టే ఉంది. హెరెవేహె ముద్రణ వీటి మధ్యస్థం. పదాల ఉచ్చారణలో, వాక్యాల విరుపులో దానిది మెరుగైన చేయి. మాటకు అర్థం ఉందన్న స్పృహ ఆ గాయకులను ఎక్కడా వదలదు. అయితే అదీ గీతాల వరుసగానే సాగుతుంది.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆరాధన నుంచి సంగీతాన్ని వేరు చేసింది ధ్వనిముద్రణ కాదు. పద్దెనిమిదవ శతాబ్దిలోనే పారిస్ నాగరికులు లాంగ్‌షాన్ మఠానికి పవిత్ర వారంలో వెళ్లేది గానం కోసం. ఆ మఠానికే కూపరాఁ తన టెనెబ్రే పాఠాలు కూర్చాడు. రోమ్ సిస్టైన్ చాపెల్‌లో టెనెబ్రే చివర పాడే అల్లెగ్రి మిసెరేరే వినడం ఐరోపా యాత్రికుల కార్యక్రమంలో భాగమైంది. 1770లో పద్నాలుగేళ్ల మొజార్ట్ దానిని విని జ్ఞాపకం నుంచి రాసుకున్న సంగతి అందరూ చెప్పుకునేదే. సంఘమే 1955లో పవిత్ర వార విధులను సంస్కరించి, టెనెబ్రేను సాయంత్రం నుంచి ఉదయానికి మార్చింది. అంటే రికార్డులు విస్తరించే నాటికి మూలసందర్భం చాలావరకు సడలిపోయింది. రికార్డు లేకపోతే జెసువాల్డో గీతాలు గ్రంథాలయాల్లోనే మిగిలేవి.

ఈ వాదం చారిత్రకంగా నిజం, కానీ అల్లెగ్రి ఉదాహరణే దాని పరిమితిని కూడా చూపుతుంది. నేడు అందరికీ తెలిసిన మిసెరేరేలో బాలగాయకుడు అందుకునే ఆ అత్యున్నత స్వరం అల్లెగ్రి రాసినది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఒక భాగం పై శ్రుతికి మారి, మిగతా రచనతో అతుక్కుపోవడం వల్ల వచ్చినది. 1963లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ గాయకబృందం ఇంగ్లీషులో పాడిన ముద్రణ ఆ రూపాన్ని లోకానికి స్థిరపరచింది. పశ్చాత్తాప కీర్తన అందువల్ల ఒక స్వరం కోసం ఎదురుచూసే పాటగా మారింది. యాత్రికుడు కనీసం మిగతా ఆరాధనంతా కూర్చోవలసి వచ్చేది. రికార్డు శ్రోతకు ఆ బాధ్యత లేదు.

5. వాతావరణంగా పవిత్రత

1990ల నాటి విపణి ఈ మార్పును పూర్తిచేసింది. 1990లో ఎనిగ్మా బృందం గ్రెగోరియన్ గానపు పాత ముద్రణను నృత్యతాళానికి జతచేసి విజయం సాధించింది. 1994లో స్పెయిన్‌లోని సాంతో దొమింగో దె సిలోస్ మఠవాసుల గానం అమెరికా అమ్మకాల పట్టికలో మూడవ స్థానానికి చేరింది. అదే ఏడు హిలియర్డ్ గాయకులు, నార్వే శాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గార్బరెక్ కలిసి చేసిన 'అఫీషియం' వెలువడింది. అందులో మొరాలెస్ కూర్చిన 'పార్చె మిహి దొమినె' మూడుసార్లు వస్తుంది. యోబు గ్రంథం నుంచి తీసుకుని, మృతుల కోసం చేసే ప్రార్థనలో పాడే పాఠమది. ఆ గీతం మీద తేలే శాక్సఫోన్ స్వరం మధురమే. అయితే తనను విడిచిపెట్టమని దేవునితో వాదించే యోబు గొంతు అందులో మృదువైన నేపథ్యంగా కరిగిపోయింది.

లిగెటి 'రెక్వియమ్' (1963–65) ఇంకొక దారిన అదే చోటికి చేరింది. అందులోని కీరియే భాగం ఇరవై స్వరధారల అల్లిక. తండ్రిని, తమ్ముణ్ణి నాజీ శిబిరాల్లో పోగొట్టుకున్న సంగీతకర్త రాసిన మృత్యుప్రార్థనను స్టాన్లీ కూబ్రిక్ 1968లో గ్రహాంతర శిల దగ్గర వినిపించాడు. కరుణించమన్న వేడుకోలు అప్పటినుంచి ప్రేక్షకులకు అంతరిక్షపు భీతి.

6. విలాపానికి వినేవాడు: ప్లేగ్ మాస్

పైన చెప్పిన రికార్డులన్నిటికీ ఎదురుగా నిలిచే ప్రయోగాత్మక రచన గ్రీకు సంతతికి చెందిన అమెరికన్ గాయని డయమాండా గలాస్‌ది. 1986లో ఎయిడ్స్‌తో మరణించిన నాటకకర్త ఫిలిప్ దిమిత్రి గలాస్ ఆమె సోదరుడు. అదే ఏడు వచ్చిన 'డివైన్ పనిష్‌మెంట్'లో ఆమె లేవీయకాండంలోని అశౌచ నియమాలను, 22వ, 88వ కీర్తనలను, విలాపవాక్యములను వాడింది. తరువాత ఈ పరంపరను విస్తరించి 1990 అక్టోబరులో న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కథీడ్రల్‌లో పాడిన ముద్రణ 1991లో 'ప్లేగ్ మాస్'గా విడుదలైంది. నడుముదాకా వివస్త్రయై, ఒంటిపై రక్తం వంటి ద్రవంతో పాడిన ఆ ప్రదర్శనను దైవదూషణగా నిందించినవారున్నారు.

రికార్డులో ఆ దృశ్యం ఉండదు. మిగిలేది కంఠం, వాద్యాలు, కథీడ్రల్ అనురణనం. అక్కడే ఈ రచన హిలియర్డ్ రికార్డుతో పోలికకు నిలుస్తుంది. డూయై మఠంలో రాతిగోడలు కంఠాలకు సొగసు కూర్చాయి. న్యూయార్క్ కథీడ్రల్‌లో అవే గోడలు నిందితుల స్థానంలో ఉన్నాయి. రోగులను అపవిత్రులన్న సంఘానికి దాని ఇంట్లోనే దాని గ్రంథం చదివి వినిపిస్తున్నప్పుడు, తిరిగివచ్చే ప్రతిధ్వని వాదనలో భాగమవుతుంది. లేవీయకాండపు నియమాలను ఆమె తీర్పు చదివే అధికారి గొంతుతో పలికి, అదే ఊపిరిలో రోగి కేకలోకి మారుతుంది. ఒకే కంఠంలో న్యాయాధిపతి, బాధితుడు. జెసువాల్డో ఆరు కంఠాలకు పంచినదానిని ఆమె ఒక గొంతులో ఇరికించింది.

దీని వెనుక గ్రీసు దక్షిణాన మాని ప్రాంతపు స్త్రీల మృత్యువిలాప సంప్రదాయం ఉంది. అక్కడ శవం దగ్గర పాడే స్త్రీ చనిపోయినవారిని పొగడడంతో ఆగదు. చావుకు కారకులైనవారిని పేరు పెట్టి నిలదీస్తుంది. మన ఊళ్లలో రాగం తీసి ఏడ్చే స్త్రీ శోకంలోనూ పోయినవారి గుణాలతో పాటు పట్టించుకోనివారి మీద నిష్ఠూరం వినబడడం తెలిసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. ఏడుపు ఎవరో ఒకరిని ఉద్దేశించి ఉంటుంది. వినవలసినవాడు ఎదురుగా ఉన్నాడన్న నమ్మకమే దానికి స్వరం. విలాపవాక్యముల రచయిత, యోబు, 22వ కీర్తనకారుడు దేవుని ఎదుట చేసినది ఇదే. టెనెబ్రే దానికి ఒక విధిని ఏర్పరచింది, జెసువాల్డో పటం దానికి ఒక చిత్రం ఇచ్చింది. ఇటీవలి శ్రద్ధాళువైన గాయకబృందాల రికార్డులలో జారిపోయిన ఈ సంబోధన, సంఘాన్ని ధిక్కరించిన గాయని దగ్గర దొరకడం విచిత్రమే.

అయినా 'ప్లేగ్ మాస్'ను కొత్త టెనెబ్రే అనడం తొందరపాటు. టెనెబ్రే చివరి చప్పుడుకు సమానమైనది అందులో ఉంది. గలాస్ కేకలు బల్లలపై గ్రంథాలు కొట్టే ఆ ధ్వనికి అతి దగ్గరి బంధువులు. ఏ సొగసైన రికార్డూ ఆ చప్పుడును ముద్రించడానికి ఇష్టపడలేదన్నది గమనించదగినది. కానీ చప్పుడు తరువాత బలిపీఠం వెనుక నుంచి వచ్చే పదిహేనవ దీపం ఆమె రచనలో లేదు. దానిని తెచ్చి ఇచ్చే అధికారం ఎవరికీ లేదన్నదే ఆమె పక్షం. అప్పటికి ఆ వ్యాధికి నిలకడైన చికిత్స లేదు. మృతుల సంఖ్య పెరుగుతూనే ఉంది. ఆ స్థితిలో దీపం తెచ్చి నిలపడం ఆమెకు అబద్ధంగా తోచి ఉండవచ్చు. రచన చివరి అంశానికి ఆమె పెట్టిన పేరు 'లెట్ మై పీపుల్ గో'. ఐగుప్తులో మోషే ఫరోను అడిగిన మాట అది, అమెరికాలో బానిసలు తమ యజమానులు వింటుండగా పాడుకున్న పాటలోనిది కూడా. మూడు శతాబ్దాల టెనెబ్రే శ్రోతలు దేవుణ్ణి అడిగినదానిని గలాస్ ఫరోను అడిగింది. ఫరో ఆ సాయంత్రం ఆ కథీడ్రల్‌లో ఏ వరుసలో కూర్చున్నాడో రికార్డు చెప్పదు.